పసుపు తాగిన క్యారవాన్

ప్రొద్దుటూరులో మా మిద్దె మీద ఫైబర్ నీళ్ల తొట్టి ఒకటి ఉంది. కొని రెండేళ్లు కాలేదు, అప్పుడే అంచు దగ్గర పొర లేచి లోపలి పీచు బయటపడింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. ఇలాంటి సరుకును జయరాముడు షెడ్డు గేటు దాటనిచ్చేవాడా? చచ్చినా దాటనిచ్చేవాడు కాదు.

తొంభైల మొదట్లో ఒమాన్‌లో, సీబ్ ఎయిర్‌పోర్టు అవతల మా షెడ్డు ఉండేది. అక్కడ మేము ఫైబర్ గ్లాసుతో క్యారవాన్లు చేసేవాళ్లం. అంటే బండి వెనక తగిలించుకుని ఎక్కడికైనా లాక్కుపోయే చక్రాల ఇళ్లు. నేను, ఖాదర్‌వలిని, ఫోర్‌మన్‌ని. జయరాముడిది మెట్‌పల్లి దగ్గర పల్లె, పసుపు పండించే ఇంటివాడు. ఇద్దరికీ రూమ్ మస్కట్‌లో, హమ్రియాలోనే. చీకటితోనే కంపెనీ పికప్ ఎక్కి డ్యూటీకి పోయేవాళ్లం.

చీకటితో ఎందుకంటే, ఎండ ముదిరితే రెజిన్, అంటే గాజు పీచును పట్టి ఉంచే జిగురు, చూస్తుండగానే గట్టిపడిపోతుంది. మోల్డ్‌కు, అంటే అచ్చుకు, అంటుకోకుండా మైనం పూసి, దాని మీద ముందుగా జెల్‌కోటు కొట్టాలి. రేపు ఇంటికి బయటి చర్మం అదే. అది బిగిశాక గాజు పీచు చాపలు పరిచి, రెజిన్‌తో తడిపి, రోలర్ తిప్పుతూ లోపలి గాలి బుడగలన్నీ తోలేయాలి. ఒక్క బుడగ మిగిలినా ఆ వేడికి ఉబ్బి పగులుతుంది. అందరూ టీకి పోయినా జయరాముడు రోలర్ వదిలేవాడు కాదు. నేల కింద వేసే ప్లైవుడ్ అంచులకు కూడా రెజిన్ తాపేవాడు.

"అది ఎవురికీ కనపడదు కదరా, ఇడిసిపెట్టు" అని నేను కసిరితే, "నీళ్లకు కనవడ్తది భాయ్" అనేవాడు. ఇంకేం చెప్తాం అలాంటి మొండివాడికి!

కానీ మాట నిజమే. అల్యూమినియం రేకులకు రివెట్లు కొట్టిన క్యారవాన్లు ఎడారిలో బురైమి రోడ్డు మీద ఏడాది తిరిగితే చాలు, రివెట్లు వదులై దుమ్మంతా లోపలికొచ్చేది. మావాటికి పై సగం, కింది సగం, నడుమ ఒక్కటే అతుకు. గాజు నూగు ఒంట్లో దిగి రాత్రంతా గోక్కునేవాళ్లం. అన్నం ముద్దలో కూడా రెజిన్ వాసనే. అప్పుడు ఆ వాసనను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఇప్పుడు అది కావాలని ప్రాణం కొట్టుకుంటుంది, ఏం చెప్పమంటారు.

అప్పటిదాకా మేం చేసినవన్నీ సైట్ ఆఫీసులకో, కూలీలు పడుకోవడానికో పోయేవి. ఒకసారి రషీద్ అనే ఒమానీ పెద్దమనిషి వచ్చి, కొత్తగా పెళ్లయిన తన కూతురు హుస్నా కోసం తెల్ల క్యారవాన్ కావాలన్నాడు. సీబ్‌లో వాళ్ల విల్లా పూర్తయ్యేదాకా మొగుడూ పెళ్లాలు అందులోనే కాపురం ఉంటారట. ఆ మాట వినగానే జయరాముడి మొహం వెలిగిపోయింది. "ఇది సంసారం జేసే ఇల్లు భాయ్" అని వచ్చినవాడికల్లా చెప్పుకున్నాడు.

మోల్డ్ విప్పిన రోజు నా గుండె ఆగినంత పనైంది. అంతా పాలలా తెల్లగా ఉంది, తలుపు కింద గడప మాత్రం పసుపుపచ్చగా ఉంది. నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్దాం, పాలిష్ పెట్టాం, పోలేదు. నేను జయరాముడి వైపు తిరిగాను. వాడు తల దించుకున్నాడు.

"ఏం జేసినావురా?"

"జెల్‌కోటు కొట్టే ముందు మోల్డ్‌ల గడపకు పసుపు రాసిన భాయ్. మైనం ఉంది గద, మోల్డ్‌కే అంటుకొని ఉంటది, ఆనక కడుగుదామనుకున్న."

రెజిన్ దేన్నయినా తాగేస్తుందని షెడ్డులో అందరికంటే బాగా తెలిసినవాడు చేసిన పని ఇది! పోగాలం దాపురించడమంటే ఇదే. వాడిని అంతకుముందే ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపింది. నానా తిప్పలు పడి మళ్లీ వచ్చాడు. ఈసారి పోతే ఇంక గల్ఫ్ మొహం చూడలేడు.

మేనేజర్ ఎగిరెగిరి పడ్డాడు. గురువారం రషీద్ బండి తీసుకోవడానికి వచ్చేలోపు మచ్చ పోకపోతే జయరాముడిని క్యాన్సిల్ చేసి ఫ్లైట్ ఎక్కిస్తానన్నాడు. లేదంటే అక్కడ గీకేసి పెయింట్ కొట్టమన్నాడు.

నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా జయరాముడు? ఊరుకోలేదు. "గీకితే దాని చర్మం పోతది సార్. పెయింటు ఏడాదికే పెచ్చులు లేస్తది. కావాల్నంటే నన్ను పంపియ్యుండ్రి, దాన్ని మాత్రం గీకకుండ్రి" అని వచ్చీరాని హిందీలో చేతులు జోడించాడు. మేనేజర్ విసురుగా లోపలికి పోయాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర వాడిని కడిగిపారేశాను. "కంపెనీకి లేని పట్టింపు నీకెందుకురా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

వాడు ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. "ఊర్ల నా ఇల్లు లేశింది భాయ్. నేను ఈడున్న. పీటల మీద తమ్ముడు, మరదలు కూసున్నరు. నా పెండ్లాం సత్తవ్వ ఒక్కతే గడపకు పసుపు రాసింది. నా ఇంటి గడపను నేను ఫోటోల సూసిన. గిన్ని ఇండ్లు జేస్తి, ఒక్క గడపకన్న నా చేతి పసుపు పడొద్దా?"

కోపం ఎటు పోయిందో తెలియదు.

అప్పుడు మా అమ్మ సుగ్రా బేగం గుర్తొచ్చింది. అన్నాలకు కింద పరిచే దస్తర్‌ఖాన్ గుడ్డకు పసుపు మరక పడితే ఉతికి ఊరుకునేది కాదు, మిద్దె మీద ఎండలో పరిచేది. పసుపు రంగు ఎండకు ఆగదు. ఒమాన్‌లో ఎండకేం కరువు! షెడ్డు బయటకు క్యారవాన్ లాగించి, తలుపు సూర్యుడికి ఎదురుగా తిప్పి పెట్టించాను. సాయంత్రానికి పసుపు రంగు కాస్త పలచబడింది. మర్నాటికి ఇంకాస్త. జయరాముడు గంటకోసారి వెళ్లి చూసొచ్చేవాడు. సంతోషిస్తున్నాడో ఏడుస్తున్నాడో నాకు అంతుపట్టేది కాదు. గురువారానికి గడప తెల్లగా అయిపోయింది.

రషీద్ వచ్చాడు. చుట్టూ తిరిగి గోడల మీద అరచేత్తో చరిచి, మాషా అల్లా అన్నాడు. మేనేజర్ పళ్లన్నీ కనిపించేలా నవ్వి, కహ్వా కాఫీ తాగుదామని ఆయనను ఆఫీసులోకి తీసుకెళ్లాడు. క్యారవాన్‌ను ఆయన జీపుకు తగిలించి నేను వెనక్కి వచ్చేసరికి, జయరాముడు ఆ గడప ముందు నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు.

"నౌకరీ దక్కింది కదరా, ఇంకేం ఏడుపు?"

"కొత్త పెండ్లి పిల్లను బోసి గడప దాటిస్తున్నం భాయ్."

అంటూనే జేబులోంచి పొట్లం తీశాడు. సత్తవ్వ ఊరి నుంచి వచ్చేవాళ్లతో పంపిన పసుపు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "కొరివితో తల గోక్కుంటావా? ఆ మేనేజర్ చూస్తే నిన్ను ఈ దినమే పంపించేస్తాడు!" అన్నాను. వాడు వినిపించుకుంటేగా! నేల మీద కూర్చుని, తల బండి కిందికి దూర్చి, గడప కింది అంచుకు, ఎవరి కంటా పడని చోట, తడి వేలితో పసుపు రాస్తున్నాడు.

ప్రొద్దుటూరులో నా ఇల్లు కూడా నేను లేకుండానే లేచింది. మా ఆవిడ అక్తరీ బేగం పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక్కతే పాలు పొంగించి, ఫాతెహా చదివించుకుంది. ఆ రోజు నేను ఇదే షెడ్డులో ఎవరి ఇంటి గోడకో రోలర్ తిప్పుతున్నాను.

ఆఫీసు తలుపు వైపు ఒకసారి చూశాను. ఇంకా మూసే ఉంది. వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"ఆ పక్క నేను రాస్తా, ఇట్లియ్యి" అన్నాను.