పగలగొట్టి చూడమన్న మేస్త్రి

మా మేస్త్రి పోయారని మంగళవారం పొద్దున మేడ్చల్ బస్ డిపో ముందు ఒకప్పుడు మా యార్డు లారీ నడిపిన డ్రైవర్ చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. ఇక ఆ ఒక్క మాట ఆయన నోటి వెంట వినలేను అనిపించింది.

శామీర్‌పేట చుట్టుపక్కల గుట్టల్లో తవ్విన తెల్లరాయి మా యార్డుకు వచ్చేది. పలుగురాయి గాజుకు, ఫెల్డ్‌స్పార్ టైల్స్ ఫ్యాక్టరీకి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. వేరు చేయడమే మా పని. బడి మొహం సరిగా చూడని నాకు ఆ విద్య నేర్పింది ఆయనే.

"రంగు జూసి మోసపోకు తమ్మీ. ఎర్రమట్టి పడితే పలుగు గూడ ఎర్రగనే ఉంటది. పలగ్గొట్టి సూడు," అనేవారు. ఫెల్డ్‌స్పార్ మెట్లుమెట్లుగా చదునుగా విరుగుతుంది. ఎండలో తిప్పితే ఆ చదును తళుక్కుమంటుంది. పలుగు, సీసా అడుగు పగిలినట్టు వంపు తిరిగి విరుగుతుంది. అయినా అనుమానముంటే ఒకదానితో ఒకటి గీయాలి. పలుగు ఫెల్డ్‌స్పార్ మీద గీత పెడుతుంది, ఫెల్డ్‌స్పార్‌తో పలుగు మీద గీత పడదు. అభ్రకాన్ని గోటితో పొరలుగా లేపుతూ, "గిది ఉల్లిగడ్డకు అక్క," అని నవ్వించేవారు. ఇప్పటికీ రోడ్డు పక్కన రాయి మెరిస్తే వంగి తీస్తాను. ఆ చూపు ఆయనిచ్చిందే.

ఒక వానాకాలం ఆయన కంట్లో పొర వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. రాయి విరవడం మానేసి, తడి రాళ్లను రంగును బట్టే అటూ ఇటూ వేస్తుంటే నాకు అర్థమైంది. ఆ లోడు ఫ్యాక్టరీ నుంచి వెనక్కి వచ్చింది.

యార్డు యజమాని సేటు అందరి ముందూ అరిచాడు. "ఎవని చెయ్యిరా ఇది?"

మేస్త్రి నా వైపు చూడకుండానే, "కొత్త చెయ్యి సేటూ. జెప్పిన, ఇనలే," అన్నారు.

"ఆరేండ్లకు గూడ కొత్తదేనా?" అని ఎవరో నవ్వారు.

నేను నోరు విప్పలేదు. దయతో కాదు, మాట రాలేదు. సేటు నా చేతిలోని సుత్తె తీయించి, మోత పనికి తట్ట ఇప్పించాడు. రోజు కూలి రాసుకునే నోటుబుక్కులో ఆ రోజు 'వాన' అని మాత్రం రాసుకున్నాను. మళ్లీ నన్ను ఎవరూ రాయి ఏరనివ్వలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు మేస్త్రి కనబడ్డప్పుడల్లా పిల్లల చదువు అడిగారు, చాయ్ తాగించారు. తప్పు తనదని మాత్రం అనలేదు.

డ్రైవర్ చెప్పగానే అల్వాల్‌లో మేస్త్రి ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే ఆయన భార్య లేచి చుట్టాలతో అంది:

"గీ తమ్మే. మా ఆయన కన్ను పోయినప్పుడు, తప్పు నాదని సేటుతోని గీ తమ్మే అన్నడు. మా ఆయన సచ్చేదాంక జెప్పుకున్నడు. పాడెకు ముందల భుజం గీ తమ్మికియ్యుర్రి."

అందరూ నా వైపు తిరిగారు. ఒక ముసలాయన చేతులు జోడించారు. కాదని చెప్పాలంటే ఆమె ముఖంలోకి చూడాలి. నా వల్ల కాలేదు.

పాడె ముందు వైపు ఎత్తుకున్నాను. సందు మలుపులో పక్కనున్న కుర్రాడు గౌరవంగా, "బరువైతే జెప్పన్నా, మారుస్త," అన్నాడు.

నేను చెప్పలేదు.