బోణీకి వచ్చిన పాతచింతకాయ

మా మామకు నేనూ మా ఆయనా చాటుగా పెట్టుకున్న పేరు ‘పాతచింతకాయ’. పెట్టమూ మరి! శుక్రవారం గోళ్లు తీయొద్దు, తల విరబోసుకుని వాకిట్లోకి రావొద్దు, దుకాణం గద్దె మీద పరాయివాళ్లు కూర్చోవద్దు. నాందేడ్ బజారులో మాది బట్టల దుకాణం. యజమాని కూర్చునే ఆ తెల్లపరుపు మీద చతికిలబడ్డ పోలీసు ఫౌజ్‌దారునే లేపి కుర్చీ వేయించిన మనిషి ఆయన.

పోయిన చలికాలం మా ఆయన పోయాడు. కర్మకాండ అయ్యాక, పుణెలో ఉద్యోగం చేసే మా మరిది దుకాణం కిరాయికి ఇద్దామన్నాడు. గద్దె పక్కన నిలబడి ఇన్నేళ్లు మరాఠీలో బేరాలు చేసినదాన్ని. అదీ పోతే వంటింటి మూల తప్ప నాకేం మిగులుతుంది?

“నేను నడుపుతా మామా,” అన్నాను తలుపు చాటునుంచి.

“బాపూ, పొద్దుగాల బోణీకి వదిన మొఖం చూసి గిరాకి ఎవడొస్తడే?” అన్నాడు మరిది. చూశారా, జీన్సు ప్యాంటు తొడుక్కున్నవాడి మాట!

మామ మాత్రం తక్కువా? ముండమోసినవాళ్లు ఎదురొస్తే ఇంట్లోకి తిరిగొచ్చి, మంచినీళ్లు తాగి బయలుదేరే రకం. అయిపోయింది నా పని అనుకున్నాను.

“గద్దె మీద పరాయోడు కూసునే రివాజు మనింట్ల లేదు,” అన్నాడాయన చివరికి. “బిడ్డా, రేపు కాళ్లు కడుక్కొని ఎక్కు.”

అమ్మయ్య! నీ చాదస్తం చల్లగుండ మామా అనుకున్నాను.

తెల్లారి గద్దె ఎక్కాక మళ్లీ గుబులు. పెళ్లిబట్టలకని నాయ్‌గావ్ నుంచి వచ్చిన ఒకావిడ, నా బోసి నుదురు చూసి మెట్టు మీదే ఆగిపోయింది. లోపల బట్టలు సర్దుతున్న మామ అది గమనించాడు. గబగబా బయటికి పోయి, గిరాకీలాగా ఆవిడకంటే ముందు మెట్లెక్కి వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

“ధోతుల జోడొకటి చూపెట్టు.”

“మీకెందుకు మామా?”

“బోణీ నాది. మంచైతే అందరికి, చెడైతే నాకు. ధర చెప్పు.”

చెప్పాను. పైగా బేరం కూడా ఆడాడు! నేను పైసా తగ్గించలేదు. ధోతులు చంకన పెట్టుకుని లేచి, “యా బాయీ, బసా,” అని కూర్చోమంటూ ఆవిడకు చోటిచ్చాడు. ఆమె వచ్చి కూర్చుంది.