మా మామ్మ కూర్చున్న డ్రమ్ము

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు రావాలన్నా ముందు మా మామ్మ విచారణ దాటి రావాలి. మామ్మ అంటే మా నాన్నను కన్న తల్లి. పాలవాడు చెంబులో పోసిన పాలలో వేలు ముంచి చూసేది. చీరల మూట దింపినవాడు ఎంత పొగిడినా వినకుండా చీరను తిరగేసి లోపలి వైపు చూసేది. చుట్టాలు తెచ్చిన మామిడిపళ్లను సైతం తొడిమ దగ్గర వాసన చూసిగాని పిల్లల చేతికిచ్చేది కాదు. అమ్మ చాటుగా నవ్వుకునేది. నాన్న విసుక్కునేవాడు. నాకు మాత్రం సిగ్గుగా ఉండేది. బయటివాళ్ల ముందు ఆవిడ అలా గుచ్చి గుచ్చి అడుగుతుంటే నేను తలుపు వెనక్కి తప్పుకునేదాన్ని.

మాది కైకలూరుకు దగ్గరగా, కొల్లేటి అంచున ఉన్న ఊరు. నాన్న వరి పొలంలో సగం తవ్వించి అప్పుడప్పుడే చేపల చెరువు చేశాడు. చేపలకు తవుడూ, వేరుశనగ చెక్కా నానబెట్టి వేయాలి. అందుకు పెద్ద తొట్లు కావాలి. ఇనప డ్రమ్మును నిలువునా కోస్తే రెండు తొట్లవుతాయని తోటి రైతులెవరో చెప్పారు. ఇనుము కోసే మిషన్ ఒకటి సొంతంగా ఉంటే తూము తలుపులకీ, పైపులకీ కూడా పనికొస్తుందని నాన్న ఆలోచన. తాడేపల్లిగూడెంలో పాత ఇనుము కొని అమ్మే ఒకాయన నాన్నకు పరిచయం. వాడిన గ్రైండరొకటి ఉందనీ, రెండు డ్రమ్ములతో సహా తానే వ్యానులో వేసుకొచ్చి, ఎలా వాడాలో చూపించి వెళతాననీ ఆయన కబురు చేశాడు.

గ్రైండరు వస్తోందనగానే మామ్మ మినప్పప్పు నానబోయమంటావా అని అడిగింది. ఇది పిండి రుబ్బేది కాదు, ఇనుమును కోసేది అని నాన్న చెప్పాడు. ఇనుమును కోసేదాన్ని మనిషి చేత్తో పట్టుకుంటాడా అని ఆవిడ మళ్లీ అడిగింది. అక్కడ మొదలైంది అనుమానం.

తాడేపల్లిగూడెం ఆయన పొద్దు కాస్త ఎక్కాక వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. ప్రతి మాటకూ చివర అండీ. మజ్జిగ ఇస్తే రెండు చేతులా అందుకున్నాడు. అంత మర్యాదస్తుణ్ణి చూసి మా అమ్మ మురిసిపోయింది. మామ్మ కళ్లు మాత్రం చిన్నవయ్యాయి.

మిషన్‌ను గోనెసంచీలోంచి తీసి అరుగు మీద పెట్టాడు. పొట్టి మొండెం, పక్కకి ఒక పిడి, ముందు వైపు అరచేయంత వెడల్పున పల్చటి నల్ల చక్రం. మామ్మ దాన్ని ముట్టుకోలేదు. వంగి, చుట్టూ తిరిగి, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూసింది. చక్రం వెనక మెడ దగ్గర ఆవిడ చూపు ఆగింది. మిషనంతా మసి పట్టి ఉంటే అక్కడొక్కచోట పట్టీలాగా మెరుస్తోంది.

"ఏవండీ, ఇక్కడేదో ఉండాల్సినట్టుందే?" అంది.

"గార్డండీ. చక్రానికి తొడుగు లాంటిది. అడ్డంగా ఉంటుందని తీసేశామండీ."

"దేనికి అడ్డమండీ? పనికా, ప్రాణానికా?"

ఆయన నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. మామ్మ నవ్వలేదు. చక్రం పగిలిందంటే ముక్క ఎటు పోతుందని అడిగింది. చివరికి గోనెసంచీ అడుగునుంచి సగం చందమామలా ఉన్న రేకు తొడుగు ఒకటి బయటికొచ్చింది. ఉన్నదాన్ని సంచీలో ఎందుకు దాచినట్టని మామ్మ నా చెవిలో గొణిగింది. ఆయన దాన్ని మెడ దగ్గర బిగించి, చక్రం మిషన్ పట్టుకునేవాళ్ల వైపున మూసుకుని ఉండేలా తిప్పాడు. అంతటితో అయిపోలేదు. చక్రం అంచున చిన్న పెచ్చు లేచి ఉందని మామ్మ కనిపెట్టింది. చిన్నదేనండీ అన్నాడు. అయితే మార్చడం కూడా చిన్న పనేనండీ అంది మామ్మ. అంచు చెదరని కొత్త చక్రం పెట్టించేదాకా కదల్లేదు.

నాన్న భుజం మీద తువ్వాలు ఉండేది. దాన్ని మామ్మ వెనకనుంచి లాగేసుకుంది. ఆవిడ పుట్టిల్లు గణపవరం దగ్గర. అక్కడి రైసు మిల్లులో బెల్టు ఒక మనిషి పైగుడ్డను పట్టుకోవడం చిన్నప్పుడు కళ్లారా చూసిందట. ఆ తర్వాత ఏం జరిగిందో మాకెప్పుడూ చెప్పలేదు. తిరిగేదానికి గుడ్డంటే ఆకలి అని మాత్రం అనేది. కళ్లకు అద్దాలు లేకుండా మిషన్ పట్టుకోవద్దని కూడా పట్టుబట్టింది. వ్యాను డ్రైవరు దగ్గర గట్టి అద్దాలుంటే నాన్న అవి పెట్టుకున్నాడు. అప్పటికే నాన్న ముఖం ఎర్రబడింది. బయటి మనిషి ముందు తన పరువు పోతోందని ఆయన బాధ.

ముందు ఒక ఇనప కమ్మీని రెండు రాళ్ల మధ్య బిగించి కోసి చూశారు. మిషన్ అరుపుకి పెరట్లో కోళ్లన్నీ దడిలోకి దూరాయి. మతాబా కాల్చినట్టు నిప్పురవ్వలు పొడుగ్గా లేచాయి. ఎంత అందంగా ఉన్నాయో ఇప్పటికీ చెప్పలేను. నేను రవ్వల్నే చూస్తున్నాను. మామ్మ మాత్రం అవి ఎక్కడ పడుతున్నాయో చూస్తోంది. కొన్ని గడ్డిమేటు దగ్గరదాకా వెళ్లి ఆరాయి. ఆవిడ అక్కణ్ణుంచి తల తిప్పి, వ్యానులోంచి దింపిన డ్రమ్ముల వైపు చూసింది.

కమ్మీ వెన్నలా తెగింది. నాన్న ఉత్సాహంగా ఒక డ్రమ్మును దొర్లించుకొచ్చి పెరటి మధ్యలో పడుకోబెట్టాడు. అది కదలకుండా ఎవరైనా పట్టాలి. నన్ను పిలిచి, "అమ్మలూ, ఆ చివర కూర్చోమ్మా, దొర్లిపోకుండా" అన్నాడు. నాకెంత గర్వమో. గుర్రమెక్కినట్టు ఎక్కి కూర్చున్నాను. ఎండకి ఇనుము వేడెక్కి తొడలకు చురుక్కుమంది. నాన్న మిషన్ చేతిలోకి తీసుకున్నాడు. తాడేపల్లిగూడెం ఆయన ఏదో గుర్తొచ్చినట్టు వ్యాను దాకా నడిచి, దాని అవతలి పక్కన నిలబడి, కానివ్వండన్నట్టు చెయ్యి ఊపాడు.

"లే" అన్న మాట వినబడింది.

నేను లేచేలోపే మామ్మ నా జబ్బ పట్టుకుని దించేసింది. నేను కూర్చున్నచోట తాను కూర్చుంది. కాళ్లు దగ్గరగా పెట్టుకుని, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, బస్సు కోసం కూర్చున్నదానిలా కూర్చుంది.

"అమ్మా, ఏంటిది? లేమ్మా, పనుంది" అన్నాడు నాన్న.

"ఇందులో ఇదివరకు ఏముండేదో కనుక్కో. లేస్తాను."

"కొబ్బరినూనేనండీ" అన్నాడు ఆయన వ్యాను దగ్గరనుంచే. "ఖాళీ అయి చాలాకాలమైందండీ. ఏం పర్వాలేదండీ."

"బిరడా తీస్తే వాసన చూస్తానండీ."

"తుప్పు పట్టి బిగుసుకుపోయిందండీ, రాదు."

నాన్న మిషన్ కింద పెట్టేశాడు. ఆయన తన తల్లి మీద గొంతెత్తడం నేను చూసిన మొదటిసారి అదే. "ఇంటికొచ్చిన మనిషిని దొంగని చేస్తావా? పొద్దుట్నుంచీ చూస్తున్నాను. నలుగురిలో నా తల తీసేస్తున్నావు" అన్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో బిగుసుకుపోయింది. నాకు ఏడుపొచ్చింది, మామ్మ మీద కోపంతో. నా గుర్రాన్ని లాక్కుంది కదా.

మామ్మ లేచి నిలబడి, వ్యాను దగ్గరున్న ఆయన వైపు తిరిగి చేతులు జోడించింది.

"మాది అనుమానపు బుద్ధేనండీ. ఏమనుకోకండి. మా మనవరాలు పసిది, బరువు చాలదు. తమరొచ్చి ఇలా కూర్చున్నారంటే మావాడు చక్కగా కోసేసుకుంటాడు."

అని, తాను లాగేసుకున్న నాన్న తువ్వాలుని డ్రమ్ము మీద పరిచింది. చొక్కా మాయకూడదు కదండీ అంది. అతిథికి పీట వేసినంత మర్యాదగా పరిచింది.

ఆయన కదల్లేదు. ముందు నవ్వబోయాడు. తర్వాత జేబులో ఏదో వెతికాడు. నాన్న కోపం మెల్లగా రంగు మారడం నేను చూశాను. ఆయన మామ్మ వైపు చూశాడు, డ్రమ్ము వైపు చూశాడు, ఆ మనిషి నిలబడ్డ చోటు చూశాడు.

"రండి సార్, కూర్చోండి" అన్నాడు నాన్న. ఆ గొంతు వేరుగా ఉంది.

"వద్దండీ" అన్నాడు ఆయన. "దాన్ని కోయకండి బాబూ."

అప్పుడు చెప్పాడు. అందులో ఉండేది కొబ్బరినూనె కాదు, రంగుల్లో కలిపే థిన్నరు. ఒక్క చుక్క కూడా లేదు కాబట్టి ఏం కాదులే అనుకున్నాడట. అలాంటి డ్రమ్ము కోస్తుంటే ఎక్కడో పేలిందని విన్నాడట. అన్నీ పేలవు కదండీ అన్నాడు. బేరం పోతుందని నోరు విప్పలేదు. కానీ కాళ్లు మాత్రం వాటంతటవే వ్యాను వెనక్కి వెళ్లాయి.

మిషన్ వైరు గోడనుంచి పీకేయించి, నాన్న పానా పెట్టి బిరడా తిప్పాడు. తుప్పూ లేదు, ఏమీ లేదు, సులువుగానే వచ్చింది. గుప్పుమని వచ్చిన ఘాటుకు నా కళ్లు మండాయి. డ్రమ్ము నిజంగా ఖాళీయే. కానీ ఆ ఖాళీ నిండా ఆవిరే. ఒక్క రవ్వ లోపలికి పోతే చాలు.

నాన్న అరుగు మీద కూర్చున్నాడు. నన్ను దగ్గరికి లాక్కుని, నా తొడ మీద ఎండవేడికి పడ్డ ఎర్రమచ్చను బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు. ఆ మచ్చ సాయంత్రానికే పోయింది.

వ్యాను వాళ్లను తిట్టి పంపుతారనుకున్నాను. మామ్మ వాళ్లకు భోజనం పెట్టించింది. ఆ పెద్దమనిషి తల ఎత్తకుండా తిన్నాడు. మిషన్ మా దగ్గరే ఉండిపోయింది. దాని తొడుగు మళ్లీ ఎవరూ తీయలేదు. డ్రమ్ములు మాత్రం మామ్మ వెనక్కి పంపించింది. అయితే ఊరికే పంపలేదు. నా చేతికి సున్నపు గిన్నె, కొబ్బరి పీచు ఇచ్చి, తనకు అక్షరాలు రావు కాబట్టి నన్ను రాయమంది. 'థిన్నరు డ్రమ్ము. కోయరాదు' అని రెండింటి మీదా పెద్దగా రాశాను. ఇక్కడ అమ్ముడుపోనిది ఇంకో ఊళ్లో అమ్ముడుపోతుందే, అక్కడా పిల్లలుంటారు అంది.

సాయంత్రం మామ్మ పక్కన కూర్చుని, అది కొబ్బరినూనె కాదని నీకెలా తెలిసిందని అడిగాను.

"నాకేం తెలుసే? తెలిస్తే చెప్పేద్దును కదా. తెలియకే అడిగాను" అంది. మళ్లీ, "ఆయన అంత దూరం ఎందుకెళ్లాడో అర్థం కాలేదు" అంది.

అప్పటి మామ్మ వయసు నాకిప్పుడు వచ్చింది. మా చెరువుల్లో ఇప్పుడు రొయ్యలున్నాయి. నీటికో మందు, మట్టికో మందు, నెలకో కొత్త మిషన్. అమ్మేవాళ్లు వస్తూనే ఉంటారు, అందరూ మెత్తగానే మాట్లాడతారు. మా కోడలు ఒక్కోసారి నా ప్రశ్నలకి సిగ్గుపడి లోపలికి వెళ్లిపోతుంది. నేనేమీ అనుకోను. గొంతు పెంచను, ఎవరినీ దొంగ అనను, కుర్చీ వేసి మజ్జిగ ఇస్తాను. కానీ ఎవరైనా "ఏం పర్వాలేదండీ" అన్నారంటే, ఆ మాట నమ్మాలో లేదో తేల్చుకునే ముందు, ఆ మనిషి ఎక్కడ నిలబడి అంటున్నాడో చూస్తాను.