ఆసు అంటే ఆశ అనుకున్నాను

కోవిడ్ తగ్గి, సిటీ బస్సులు మళ్ళీ కిక్కిరిసిన ఏడాది. పటమటలో ఓ డాబా కింది వాటాలో మా సంస్థ ఆఫీసు. రిటైరైన ఓ టీచరమ్మగారు తన ముందు గదిలో మొదలుపెట్టిన సంస్థ. కన్నవాళ్ళుండీ హాస్టళ్ళలో పెరుగుతున్న పిల్లల్ని చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమందట. "అన్నం పెట్టి పడుకోబెడితే సరిపోదమ్మా, ఇంటికి చేర్చాలి" అనేవారు. తప్పిపోయిన బిడ్డ ఇల్లు వెతికి పట్టుకునే ఆ పనిని మేం హోమ్ ట్రేసింగ్ అంటాం. పదకొండేళ్ళుగా నేను చేస్తున్నదదే.

ఓ రోజు పదకొండింటికి, బెంజ్ సర్కిల్ దగ్గర ఏడుస్తూ దొరికిన నాలుగేళ్ళ పాపని కానిస్టేబుల్ తెచ్చి అప్పగించారు. పేరడిగితే బుజ్జి అంది. ఊరు తెలీదు. సాయంత్రంలోగా ఇల్లు దొరక్కపోతే ప్రభుత్వ పిల్లల సంక్షేమ కమిటీ ద్వారా వసతి గృహానికి పంపాలి. అక్కడ చేరితే కాగితాలు, విచారణలు అయ్యి తల్లి చేతికి రావడానికి వారాలు పడుతుంది.

"మీ అమ్మ ఏం చేస్తుందమ్మా?" అనడిగాను.

"ఆసు."

"ఆశా వర్కరా?"

తలూపింది.

మన వైపు చాలామంది ఆశాని ఆసా అనే అంటారు కదా. నా తెలివికి నేనే మురిసిపోయి ఇన్‌టేక్ ఫారంలో, అంటే బిడ్డ రాగానే వివరాలు రాసుకునే కాగితంలో, తల్లి వృత్తి దగ్గర "ఆశా వర్కర్" అని రాసేశాను. మూడు గంటలు ఆరోగ్య కేంద్రాలన్నిటికీ ఫోన్లు. ఏ ఆశా వర్కర్ బిడ్డా తప్పిపోలేదు. నాకు భయం పట్టుకుంది. పాపేమో ఏడ్చి ఏడ్చి నా చున్నీ పట్టుకునే నిద్రపోయింది.

మా వంటావిడ రమణమ్మ వచ్చి, "పొద్దుట్నుంచీ ఆసులో కండెలాగా తిరుగుతున్నారు. రెండు ముద్దలు తినండి మేడమ్" అంది.

చెయ్యి ఫోన్ మీదే ఆగిపోయింది. "ఆసంటే ఏంటి రమణమ్మా?"

"అదేంటండీ, మగ్గానికి పడుగు సిద్ధం చేస్తారు చూడండి, మేకుల చుట్టూ దారం కండె అటూ ఇటూ తిప్పుతా. ఆసు పోయటం అంటారు. మా పుట్టింట్లో అదే పని."

ఆసులో కండె అన్న మాట చిన్నప్పట్నుంచీ నేనూ వాడుతున్నాను. అదేంటని ఒక్కనాడూ అడగలేదు. చేనేత ఊళ్ళలో దగ్గరిది మంగళగిరి. అక్కడి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశాను.

"నాలుగేళ్ళ పాపా? ఊరంతా వెతుక్కుని వాళ్ళమ్మ ఇప్పుడే వచ్చిందండీ" అని ఫోన్ ఆమెకిచ్చారు. అట్నుంచి ఏడుపే. పాపని లేపి చెవి దగ్గర ఫోన్ పెట్టాను.

"అమ్మా, ఆకలి" అంది. హమ్మయ్య అనుకున్నానో లేదో నాకూ ఏడుపొచ్చేసింది.

గంటలో ఆమె ఆటో దిగింది. "తెగిన పోగు ముడేసి చూసేసరికి లేదండీ. నా చీరలాంటి చీర చూసి ఎవరి వెనకాలో బస్సెక్కేసినట్టుంది" అంది. కమిటీకి చూపించి, సంతకాలు పెట్టించి, చీకటి పడకముందే ఇద్దర్నీ పంపించాం.

ఆ పాప ఒక్క మాటలోనే ఇల్లు చెప్పేసింది. దాన్ని నాకు తెలిసిన మాటలోకి మార్చేసి, ఆ తల్లిని మూడు గంటలు ఎక్కువ ఏడిపించింది నేను. ఇప్పుడు బిడ్డ నోట ఏ మాటొస్తే ఫారంలో ఆ మాటే రాస్తాను. అర్థం తెలీకపోతే సిగ్గుపడకుండా అడుగుతాను, ముందు రమణమ్మని.