జల్లెడమ్మ చల్లిన నీళ్లు

పాతకాలపు మనుషుల ఆనవాళ్ల కోసం తవ్వే చోట మట్టి జల్లించే ఆవిడను అందరూ జల్లెడమ్మ అనేవారు. దుమ్ముకీ ఆమెకీ ఉప్పూ నిప్పూ. పొద్దున్నే కొంగు బొడ్లో దోపి, గుంతల చుట్టూ నీళ్లు చల్లందే పనిలోకి దిగేది కాదు. ఎవరైనా నవ్వితే, "చచ్చినోళ్లకేం, హాయిగా పడుకున్నారు. పడిశం పట్టేది మనకే!" అని కసిరేది.

ఆ రోజు ఒక గుంతలో ఎండిన అడుసు మీద గోనెపట్టా కప్పి ఉంది. మాసిపోయిందని దాన్ని తీసి దులిపి, అక్కడ కూడా బకెట్టెడు నీళ్లు గుమ్మరించింది.

తవ్వకం చూసే మేడమ్ వచ్చి, కరిగిన మట్టిని చూసి చతికిలబడింది.

"పట్టా కింద అడుగులుండేవమ్మా. వేల ఏళ్ల కిందట ఇది చెరువు. ఏళ్లకేళ్లు వానల్లేక ఎండిపోతుంటే జనం పిల్లాజెల్లాతో వలసపోయారు. ఆఖరి తడిలో పడ్డ అడుగులవి. ఒక ఆడమనిషివి, పక్కనే చిన్నపిల్లవి."

జల్లెడమ్మ చేతిలోని బకెట్టు కింద పెట్టేసింది.

"నీ తప్పేం లేదులే. నిన్ననే చెప్పాల్సింది నేను," అంది మేడమ్.

నాలుగు తిట్టినా బాగుండేది. చుక్క నీరు లేక ఊరొదిలి పోయిన తల్లి. ఇన్ని వేల ఏళ్ల తర్వాత ఆ తల్లి జాడ మీద తానే నీళ్లు పోసింది.

మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంటే మేడమ్ నీళ్ల సీసా అందించింది. జల్లెడమ్మ దాన్ని పక్కన పెట్టి, ఎండిన పెదాలతోనే పొద్దుగూకేదాకా మట్టి జల్లించింది.