వెచ్చని ఆంప్లిఫయర్

తొంభైల్లో మేము చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో ఉండేవాళ్లం. ఖరీదైన విదేశీ ఆంప్లిఫయర్ కొని, వేడి బయటికి పోవడానికి పైరేకుకు బోలెడు రంధ్రాలు వేయించుకున్నాను. వేడెక్కి ఉంటే ధ్వని బాగుంటుందని రాత్రీపగలూ ఆన్‌లోనే ఉంచేవాణ్ని. ఒక డిసెంబర్‌లో అది మూగబోయింది. రంధ్రాలు వేసిన చూలై ప్రాంతపు మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లి, "నీ పనితనం ఇదేనా?" అని నలుగురిలో అరిచాను.

అతను పైరేకు విప్పాడు. పులిసిన కంపు గుప్పుమంది. తీగల మధ్య పచ్చగా బూజు పట్టిన ముద్ద, దాన్ని తింటూ కుప్పలుగా బొద్దింకలు.

"ఈడ చూడండి సార్, ఇది ఇడ్లీ పిండి!" అన్నాడతను ముక్కు మూసుకుని.

ఇంటికొచ్చి మా ఆవిడను నిలదీశాను.

"ఈ చలికి పిండి పొంగడమే లేదు కదండీ. వెచ్చగా ఉంటుందని రోజూ రాత్రి గిన్నె దాని మీదనే పెడతా ఉన్నా. అప్పుడప్పుడూ పొర్లేది, పైపైన తుడిచేసినా" అంది.

'ఈసారి ఇడ్లీలు దూదిలా ఉన్నాయి' అని ఆ నెలంతా మెచ్చుకుంటూ, అడిగి మరీ వేయించుకుని తిన్నది నేనే. ఇప్పటికీ ఎంత మెత్తటి ఇడ్లీ వడ్డించినా నాకు ముందు బొద్దింక మీసాలే కనిపిస్తాయి.