మస్తాన్ గారి నీలం సీసా

దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళుమంట. ఎవరైనా మొదలెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని. ఇప్పటికీ నమ్మనంటాను. కానీ ఇది మాత్రం నా కళ్ళముందే జరిగింది, నేనేం చెయ్యను!

తొంభైల చివర్లో చిలకలూరిపేటలో ఒక చిన్న ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేదాన్ని. పని నేర్పింది మా సీనియర్ మస్తాన్ గారు. స్పృహ లేకుండా ఎవరొచ్చినా, డాక్టరు గారు రాయకపోయినా సరే, ఆయన ముందు మూత్రంలో చక్కెర చూసేవారు. నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణంలో ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద మరగబెట్టేవారు. చక్కెర బాగా ఉంటే నీలం కాస్తా ఇటుక రంగుకి తిరిగేది.

అప్పటికే మాకు ఎంజైమ్ కిట్ వచ్చింది. రక్తంలో చక్కెర ఎంతుంటే అంత గులాబీ రంగు వస్తుంది, మీటరు అంకె చూపిస్తుంది. "ఇంకా ఈ వంటేంటండీ బాబూ" అని ఆయన్ని ఏడిపించేదాన్ని. "నీ గులాబీ నీళ్ళు నీవి, నా నీలం నీళ్ళు నావి, పోమ్మా" అని నవ్వేవారు. ట్యూబుకి ప్లాస్టర్ ముక్క అంటించి, రోగి పేరు నిలువుగా, అక్షరం కింద అక్షరం రాయడం ఆయన అలవాటు.

ఒక వేసవిలో ఆయన గుండెపోటుతో పోయారు. నీలం సీసాని అలమరలో పెట్టి తాళం వేశాను. ఆయన అలవాటు కూడా దాంతోపాటే మానేశాను.

పత్తి తీతలప్పుడు ఒక మధ్యాహ్నం నాగమణి అనే పందొమ్మిదేళ్ళ పిల్లని ఆటోలో తెచ్చారు. స్పృహ లేదు, వాంతులు, ఎగశ్వాస. "మందు కొట్టిన చేలోకి వెళ్ళిందండీ" అని తల్లి గుండెలు బాదుకుంటోంది. ఆ రోజుల్లో మా వైపు పత్తి చేలోంచి పడిపోయి వచ్చారంటే పురుగుమందే అనుకునేవాళ్ళం. డాక్టరు గారు దానికి విరుగుడు మొదలెట్టారు. పిల్ల ఇంకా జారిపోతోంది. నాకు మాత్రం కిడ్నీల పరిస్థితి తెలియడానికి రక్తంలో యూరియా చూడమని పంపారు. మూత్రం సీసా కూడా నర్సు బల్లమీద పెట్టి వెళ్ళింది.

పక్క గదిలో రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ మిషన్లో తిప్పి వచ్చేసరికి స్టాండులో ఒక టెస్ట్ ట్యూబు. అడుగునుంచీ ఇటుక రంగు. పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. దీపం మూత తీసి లేదు. ప్లాస్టర్ మీద, నిలువుగా, నా-గ-మ-ణి.

అమ్మ బాబోయ్! అయినా వెంటనే ఆ రక్తానికే ఎంజైమ్ పరీక్ష పెట్టాను. గులాబీ కాదు, బీట్‌రూట్ రసంలా వచ్చింది. మీటరు కొలవలేకపోతే పల్చన చేసి కొలవాల్సి వచ్చింది. రిపోర్టు పట్టుకుని పరిగెత్తాను. డాక్టరు గారు నా మొహం కూడా చూడలేదు, "ఇన్సులిన్!" అని అరిచారు.

మర్నాడు పొద్దున పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని, "నువ్వు చూడబట్టి బతికిందమ్మా" అని ఏడ్చింది. చూడాల్సింది నేనే, కానీ నేను చూడలేదుగా.

అలమర తాళం వేసే ఉంది. తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. మూత్రం సీసా పెట్టి వెళ్ళాక నర్సు రోగి దగ్గర్నుంచి కదల్లేదు. ఆ పిల్ల మా ఆసుపత్రికి రావడం అదే మొదలు, మస్తాన్ గారు పోయి అప్పటికి ఆర్నెల్లు. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు ముడి వీడలేదు.

ఆ సాయంత్రమే నీలం సీసా బయటికి తీసి బల్లమీద పెట్టాను. అప్పట్నుంచి స్పృహ లేకుండా ఎవరొచ్చినా, రాయకపోయినా సరే, ముందు చక్కెరే చూస్తాను. పేరు నిలువుగానే రాస్తాను.